రివాల్వర్‌కి పెట్టిన బొట్టు

దగ్గరికి జరగండర్రా. ఆ రేడియో కట్టేసి రండి. ఇంకా దగ్గరికి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. పులి కథ కాదు, దయ్యం కథ అంతకన్నా కాదు. ఒక రివాల్వర్ కథ, దానికి పెట్టిన బొట్టు కథ. ఇందులో హీరో మన అప్పడు. సర్కారువారి స్పెషల్ బ్రాంచ్‌లో సీక్రెట్ ఏజెంట్. ఆ సంగతి కన్నతల్లికి కూడా తెలియదు. కొడుకు క్లాంగ్‌లో బస్సు కంపెనీలో పనిచేస్తున్నాడనే ఆవిడ పోయేదాకా అనుకుంది.

మలయాలో ఎమర్జెన్సీ రోజులంటే మీకేం తెలుసు? రబ్బరు తోట చుట్టూ ముళ్లకంచె. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి పోతుందేమోనని బియ్యం కొలిచి ఇచ్చేవారు. గేటు దగ్గర ఆడవాళ్ల కొప్పులు కూడా విప్పి చూసేవారు. ఇక ఇంట్లో తుపాకీ దొరికిందా, ఉరే. అది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని వినే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

1957. మెర్డేకా, అదే స్వాతంత్ర్యం, ఇంకొన్ని వారాల్లో వస్తుందనగా, ఒక ఉదయం పోర్ట్ స్వెట్టెన్‌హామ్ చేపల రేవులో ఒక మనిషి రొయ్యల బుట్ట ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతని పేరు వేలాయుధం. అతనూ ఏజెంటే. అప్పడికి జోడీ, అన్నలాంటివాడు. అప్పడు బేరానికి వచ్చినవాడిలా వంగి కోడ్ మాట అడిగాడు.

"బెర్జుంటై బస్సు పోయిందా అన్నా?"

"టైరు పంచర్ తంబీ. రొయ్యలు కొనుక్కొని నడిచి పో."

కోడ్ సరిపోయింది. వేలాయుధం రొయ్యలు ఏరుతున్నట్టు తల వంచాడు.

"ఆర్మ్స్ ఆఫీసువాళ్లు సముద్రంలో ముంచిన పెట్టెలు చూశాను రా. నేనే మునిగి చూశాను. తుపాకుల్లేవు. అన్నీ రాళ్లు."

"మరి తుపాకులేవి?"

వేలాయుధం నడుము గుడ్డలోంచి ఏదో తీసి అప్పడి అరచేతిలో కుక్కాడు. అప్పుడే టప్పుమని, ఎవరో బీడీ డబ్బా మూసినంత చిన్న చప్పుడు. సైలెన్సర్. వేలాయుధం రొయ్యల బుట్ట మీదికి వాలిపోయాడు. జనం కేకలు వేసేలోపు ఒక తెల్ల సూటు మూల తిరిగి మాయమైంది.

అప్పడి చేతిలో ఉన్నది పొగబెట్టిన రబ్బరు షీటు ముక్క. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రబ్బరు కంపు కింద ఇంకో వాసన. తుపాకీ నూనె.

అన్నలాంటివాడు ఎదురుగా చచ్చిపోతే ఏడవడానికి కూడా వీల్లేని ఉద్యోగం అది. ఎవరో తెలియనట్టు లేచి జనంలో కలిసిపోయాడు.

కౌలాలంపూర్‌లో ఒక దర్జీ కొట్టు మేడ మీద మెక్లీన్ దొర బ్రీఫింగ్ ఇచ్చాడు. అప్పడికి పై అధికారి. నవ్వని మనిషి.

"వేలాయుధం ఆ రేవులో ఉంటాడని ఎవరెవరికి తెలుసు?" అని అడిగాడు అప్పడు.

"నీకు, నాకు. మిస్ రాజమ్మాళ్‌కి."

రాజమ్మాళ్ హైకోర్టులో స్టెనోగ్రాఫర్. సిల్కు చీర, నల్ల కళ్లజోడు, నడిచి వెళ్లిపోయాక కూడా వరండాలో మిగిలిపోయే సెంటు. క్రోల్ అనే విదేశీ వ్యాపారి కారులో షికారు తిరిగేది. అక్కడ విన్నవి మెక్లీన్‌కి చేరవేసేది. క్రోల్ పైకి రబ్బరు కొనేవాడు. ఏ దేశంవాడో అతని పాస్‌పోర్టులు కూడా తమలో తాము ఒప్పుకోవు.

"ఫెడరల్ ఆర్మ్స్ కంట్రోల్ ఆఫీసు సంగతి నీకు తెలుసు" అన్నాడు దొర. "దేశంలో ప్రతి తుపాకీకి లైసెన్సు వాళ్లదే. తోటల నుంచి తిరిగొచ్చిన తుపాకుల్ని విరిచి సముద్రంలో ముంచాల్సింది వాళ్లే. ఎవడో అక్కడి నుంచి క్రోల్‌కి అమ్ముతున్నాడు. క్రోల్ వాటిని దేశం దాటిస్తున్నాడు."

"సోదా చేద్దాం సర్."

"కుదరదు. మెర్డేకా ముందు ఒక సర్కారు ఆఫీసు ఇంకో సర్కారు ఆఫీసు తలుపు తన్నదు. పైగా రూలుంది. ముంచాం అని ఆ ఆఫీసు సర్టిఫికెట్ ఇస్తే ఏ కోర్టూ కాదనకూడదు. ఇచ్చారు. కాబట్టి చట్టం దృష్టిలో ఆ తుపాకులన్నీ సముద్రంలోనే ఉన్నాయి."

దొర కిటికీలోంచి కిందికి చూస్తూ మిగతాది చెప్పాడు. బటాంగ్ బెర్జుంటై దగ్గర తోటలో వీరాస్వామి అనే కూలీ ఉన్నాడు. రబ్బరు ఆకు రాలి పాలు తగ్గిన రోజుల్లో కూలికి లారీ ఎక్కి ఆ పెట్టెలు మోశాడు. లోపల రాళ్లు గలగలమన్నాయని కల్లు దుకాణంలో నవ్వుతూ అన్నాడు. మర్నాడే పోలీసులొచ్చి అతని వంటింట్లో కట్టెల కింద రివాల్వర్ తీశారు. ఎవరో రాసిన ఆకాశరామన్న ఉత్తరం.

"కేసు చివరికొచ్చింది. ఉరి ఖాయం. తీర్పు రాగానే ఎగ్జిబిట్‌గా పెట్టిన ఆ రివాల్వర్ ఆర్మ్స్ ఆఫీసుకే పోతుంది. ఈసారి నిజంగానే ముంచుతారు. మనకున్న ఒకే ఒక్క దారం అది. అర్థమైందా, ఏజెంట్ స్క్రాప్?"

అప్పడి కోడ్ పేరు అది. రబ్బరు చెట్టు గాటు మీద పాలు ఎండి తీగలా అతుక్కుపోతుందే, దాన్ని స్క్రాప్ అంటారు. మర్నాడు గీసేవాళ్లు ముందు దాన్ని గోటితో ఊడబెరికి తీస్తారు. తోటలో పుట్టినవాడికి దొర పెట్టిన పేరు. ఎగతాళో, మెప్పో ఎవరికి తెలుసు.

ఇపో నుంచి వచ్చిన లాయరు లెచ్చుమనన్ ఫీజు లేకుండా వీరాస్వామి తరఫున నిలబడ్డాడు. గట్టి గొంతు, అంతకన్నా గట్టి మొండితనం. మర్నాడు ఆయన వెనకాల ఒక గుమస్తా నడిచాడు. గూని వీపు, సోడాబుడ్డి కళ్లద్దాలు, ఎర్రబడ్డ పళ్లు, చేతిలో ఆకువక్కల డబ్బా. మన అప్పడే. డబ్బా అడుగున భూతద్దం, చిన్న స్క్రూడ్రైవర్.

ఎగ్జిబిట్ చూపించడానికి ఆర్మ్స్ ఆఫీసు నిపుణుడు నారాయణసామి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట సన్నని కుంకుమ రేఖ, మెత్తని మాట. మనవాడే, తోటలో లెక్కలు రాసే కిరానీ కొడుకు, చదువుకుని పైకొచ్చాడు.

"అడవి తుపాకీ అండి ఇది. విదేశీ సరుకు. నంబరు ఆకురాయితో రాచేశారు. మా లైసెన్సు తుపాకీ కాదని సర్టిఫికెట్ కూడా ఇచ్చేశాం."

"తాకి చూస్తాను" అన్నాడు లెచ్చుమనన్.

"తాకడానికి రూలు లేదండి."

"ఏ రూలు? చూపించు! ఒక మనిషి మెడ మీదికి తాడు వస్తుంటే నువ్వు నాకు రూలు చెబుతావా?"

లాయరు బల్ల గుద్దాడు. కానిస్టేబుల్ ఉలిక్కిపడి అటు తిరిగాడు. నారాయణసామి పై అధికారికి ఫోన్ చేయడానికి పక్క గదిలోకి పోయాడు. లాయరు కానిస్టేబుల్‌ని చొక్కా గుండీ పట్టుకుని మరీ చట్టం అడుగుతున్నాడు. ఆ సందులో గుమస్తా పిడి చెక్క స్క్రూ తిప్పి, చెక్క ఎత్తి, భూతద్దం పెట్టాడు.

పిడి లోపల కూడా నంబరు కొట్టి ఉంటుంది కదా, అక్కడా ఆకురాయి గీతలే. కానీ ఒక మూల మాత్రం ఆకురాయి పక్కకి తప్పుకుంది. పొలం దున్నేవాడు పాముపుట్ట వదిలి చుట్టూ దున్నినట్టు, ఒక చిన్న మచ్చని వదిలి దాని చుట్టూ తిరిగింది. మచ్చ ఎర్రగా, అంచుల్లో పచ్చగా, పొర మీద పొరగా ఉంది. అప్పడు గోరు ఆనించాడు. మెత్తగా లొంగింది.

లోహం మీద ఇలా లొంగేది ఏముంటుంది? ఎక్కడో చూశాడు. ఎక్కడో గుర్తు రాలేదు. చెక్క బిగించి, వక్క నములుతూ నిలబడ్డాడు.

ఆ తర్వాత గుమస్తా సైకిలెక్కాడు. వీపు తిన్నగా అయింది, తలకి గళ్ల తువ్వాలు వచ్చింది, వెనకాల బట్టల మూట వచ్చింది. బటాంగ్ బెర్జుంటై దారిలో ఉన్న ఆ తోటని మనవాళ్లు ఎర్రవంతెన తోట అనేవారు.

"సీరలమ్మా సీరలు! రవికె గుడ్డలు, లుంగీలూ!"

"ఏటి బావూ, అంత మూట తొక్కుకుంటా వచ్చినావు" అంది కూలీల లైను ఇంటి అరుగు మీంచి పాపాయి అనే ముసలిది. "నెలాకర్న మా కాడ ఏటుంతాదనుకున్నావు? అరువిత్తావా సెప్పు, మూటంతా దించీసి పో."

"అరువిస్తే మా తావ్కే షావుకారు నా సైకిలు లాగేసుకుంతాడు మామ్మా."

"లాగేసుకుంతే నడిసి రా. కాళ్లు లేవేటి?"

నవ్వుకుంటూ పక్క గడప దగ్గరికి వెళ్లి దాహం అడిగాడు. అది వీరాస్వామి ఇల్లు. అతని పెళ్లాం ఎర్రమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. కళ్లలో ఏడుపు కూడా అయిపోయిన మనిషి. నీళ్లు తాగుతూ అప్పడు పైకి చూశాడు. చూరులో రబ్బరు చెట్లు గీసే గీత కత్తి గుచ్చి ఉంది. దాని పిడి దగ్గర, ఎర్రగా, అంచుల్లో పచ్చగా, పొర మీద పొర.

చెంబు కిందికి దించాడు.

"ఆ బొట్టేటప్పా, అంత దళసరిగా ఉంది?"

"పాలబొట్టు. మీ తోటల్లోన ఎట్టరా? మాదే అలాగ. ఆయుదపూజనాడు మా మరిడమ్మ గుడి పూజారి తొలిగాటు పాలల్లో పసుపూ కుంకమా కలిపి ఎడతాడు. ఆరితే రబ్బరే కదా. వానకి పోదు, సెమటకి పోదు. యేటికేడు దాని మీదే ఇంకో పొర. పక్క తోటోళ్లు నవ్వుతారు."

"తుడవరా?"

"ఓలమ్మ! తుడిస్తే అమ్మోరు ఇంట్లోకి వస్తాది. ఎవులు తుడుస్తారు?"

"కత్తులకేనా, ఇంకేటికైనా ఎడతారా?"

"అన్నిటికీ. మేనేజరు దొర తుపాకీక్కూడా ఎట్టినారు. పైన ఎడితే దొరలు నవ్వుతారని, ఆయనే పిడి సెక్క ఇప్పి లోపలెట్టండి అనీవోడు. మంచోడే, సీమకెల్లిపోయినాడు. ఆ తుపాకీ మొన్న ఆపీసోళ్లు పట్టుకుపోయి సముద్రంలో పారేసినారంట."

"పట్టుకుపోయిందెవులు?"

"ఇంకెవులు, మా నారాయణసామి బాబే. ఆ బాబు కూతురికి అమ్మోరు పోస్తే ఈ గుళ్లోనే మూడు పొద్దులు పొర్లుదండాలెట్టినాడు. పిల్ల మొకం నిండా మచ్చలైనాయి గానీ బతికింది. యేటా వస్తాడు. ఈ కేసులోన ఆ బాబే సాచ్చికం సెప్తాడంట." ఎర్రమ్మ చెంబు అందుకుంది. "మనోడు కదా. నిజం సెప్తాడు. బావూ, మెర్డేకా వస్తే జైళ్లో ఉన్నోల్లందర్నీ ఒగ్గేస్తారంట, నిజమేనా?"

అప్పడు మూట కట్టుకోవడంలో మునిగిపోయాడు. అబద్ధం చెప్పడంలో ట్రైనింగ్ తీసుకున్న మనిషి, ఆ ఒక్క అబద్ధం మాత్రం చెప్పలేకపోయాడు.

"అయితే పూజారిని సాక్షిగా పిలుద్దాం. ఎర్రమ్మని పిలుద్దాం" అన్నాడు లెచ్చుమనన్, ఎగిరి గంతేసినంత పని చేసి. మరుక్షణమే కూలబడ్డాడు. "ఏం లాభం? సర్టిఫికెట్‌కి ఎదురుగా కూలీల మాట నిలవదు. కెమిస్టు దగ్గరికి పంపమంటే పంపేది ఆ ఆఫీసే. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినవాడే తన నోటితో కాదనాలి."

"కాదంటాడు. ఆ మచ్చ ఏమిటని అడగండి. తుప్పు అంటాడు. అయితే తుడవమనండి."

"తుడిచేస్తే?"

"ఆకురాయి చేతిలో ఉన్నప్పుడు, చుట్టూ ఎవరూ లేనప్పుడే దాన్ని ముట్టుకోలేకపోయాడు సార్."

"కోర్టులో తన మెడ కాపాడుకోవాలి. తుడిచేశాడనుకో, మనకున్న ఒక్క సాక్ష్యం రుమాలుకి అంటుకుని పోతుంది. వీరాస్వామిని మనమే ఉరి తీసినట్టు."

 ఒక మనిషి దొంగతనాన్ని నమ్మి మిషన్ నడపడం అప్పడికి అలవాటే. దొంగ భక్తిని నమ్మి ఒక ప్రాణాన్ని పందెం కాయడం ఇదే మొదలు.

"అడగండి సార్" అన్నాడు చివరికి.

ఇంకొక పని మిగిలింది. కోర్టు ఎదుటి కాఫీ కొట్టులో ఫ్యాను కింద రాజమ్మాళ్ కూర్చుని ఉంది.

"పాపం వేలాయుధం" అంది. "రాత్రుళ్లు నిద్రే లేదు నాకు, తెలుసా?"

"ఆ కళ్లజోడు తీస్తే తెలుస్తుంది."

"అబ్బ, నీ నోరు! సరి, కేసు ఏమైంది? నాకు చెప్పకూడదా?"

అప్పడు కప్పు మీదికి వంగాడు. "రబ్బరు ఫ్యాక్టరీ ఆసిడ్. తుపాకీ పైన నంబరు రాచేసిన చోట పోస్తే పాత అంకెలు లేస్తాయి. తీర్పు రోజున లెచ్చుమనన్ జడ్జీగారిని అదే అడుగుతాడు. ఎవరితోనూ అనకు."

"నేనా? ఎవరితో అంటాను?"

"అనవని తెలిసే చెప్పాను."

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. ఒకరి నవ్వు ఒకరు నమ్మలేదు.

తీర్పు రోజు పొద్దున్న ఎగ్జిబిట్ బల్ల మీదికి వచ్చింది. అప్పడు దూరం నుంచే చూశాడు. పైన నంబరు ఉండే చోట కొత్త సుత్తి దెబ్బలు తళతళలాడుతున్నాయి. ఆసిడ్ పోసినా ఇక ఏ అంకే లేవదు. ఆసిడ్ మాట రాజమ్మాళ్‌కి తప్ప ఎవరికీ తెలియదు. అంటే వేలాయుధాన్ని రేవులో ఎవరు పట్టిచ్చారో కూడా తెలిసిపోయింది. పిడి చెక్క జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

కోర్టు నిండిపోయింది. బోనులో వీరాస్వామి, చొక్కాలో మనిషి లేనట్టున్నాడు. బెంచీల మీద ఎర్రమ్మ, పాపాయి, లైను ఇళ్ల ఆడవాళ్లంతా. వెనక వరసలో తెల్ల సూటులో క్రోల్ దొర. జడ్జీగారి చేతి పక్కన మడత పెట్టిన నల్లగుడ్డ ఉంది. ఉరి చెప్పే ముందు నెత్తిన వేసుకునే గుడ్డ. జడ్జీగారికి సలహా చెప్పే అసెసర్లు ఇద్దరూ అప్పటికే నేరం రుజువైందనేశారు.

"చెప్పాల్సింది ఇంకేమైనా ఉందా?" అని అడుగుతూనే జడ్జీగారి చెయ్యి గుడ్డ మీదికి పోయింది.

"ఆర్మ్స్ ఆఫీసు సాక్షిని ఇంకొక్కటి అడగాలి మైలార్డ్" అని లేచాడు లెచ్చుమనన్.

సర్కారు లాయరు దిగ్గున లేచాడు. "అభ్యంతరం! ఆ ఆఫీసు సర్టిఫికెట్‌ని ఈ కోర్టు ప్రశ్నించకూడదు!"

"సర్టిఫికెట్ జోలికే నేను పోను. తుపాకీని ముట్టుకోమంటున్నాను. అదీ నన్ను కాదు, వాళ్ల సాక్షినే."

జడ్జీగారు గుడ్డ మీద నుంచి చెయ్యి తీయకుండానే సరేనన్నారు.

నారాయణసామి బోనెక్కాడు. ఆసిడ్ ప్రశ్నకి తయారై వచ్చినవాడిలా ధీమాగా ఉన్నాడు. లెచ్చుమనన్ ఆసిడ్ ఊసే ఎత్తలేదు. పిడి చెక్క విప్పించాడు. తుపాకీని పైకెత్తి పట్టుకోమన్నాడు.

"అక్కడ ఒక మచ్చ ఉంది. ఏమిటది?"

నారాయణసామి చూశాడు. పెదవులు తడుపుకున్నాడు. "తుప్పు."

"తుప్పేనా?"

"తుప్పే."

లెచ్చుమనన్ జేబులోంచి తెల్ల రుమాలు తీశాడు. "అయితే తుడిచెయ్యండి. ఊడబెరికెయ్యండి. తుప్పు పోతే ఎవరికేం నష్టం?"

గుమస్తా వేషంలో ఉన్న అప్పడు వక్క నమలడం మానేశాడు.

నారాయణసామి రుమాలు అందుకున్నాడు. రుమాలు తుపాకీ వైపు వెళ్లింది. అప్పుడు, ఎవరూ పిలవకుండానే, బెంచీ మీంచి ఎర్రమ్మ లేచింది. ఆ ఎరుపూ పసుపూ ఆమెకి కనబడ్డాయి. ఆవిడ నారాయణసామి వైపు చూడనే లేదు. ఆ బొట్టుకి చేతులెత్తి దణ్ణం పెట్టింది. పక్కన పాపాయి లేచింది. లైను ఇళ్ల ఆడవాళ్లంతా లేచి, నోరెత్తకుండా, ఆ రివాల్వర్‌కి చేతులు జోడించారు.

"ఏం చేస్తున్నారు వీళ్లు?" అన్నారు జడ్జీగారు.

 నారాయణసామి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.  ఆకురాయికి అంకెల్ని తినిపించిన చెయ్యి అది. సుత్తితో ఉక్కుని చితక్కొట్టిన చెయ్యి. ఒక తెల్ల గుడ్డని ఒక చిన్న బొట్టు మీదికి ఆనించలేకపోయింది.

అంతదాకా మాట్లాడిన ఇంగ్లీషంతా ఆ నోట్లోంచి ఎగిరిపోయింది. లైను ఇంటి భాష ఒక్కటే మిగిలింది.

"అమ్మోరి బొట్టు బాబూ... నా సేత్తో నానెలాగ తుడుస్తాను?"

దుబాసీ ఆ మాటని ఇంగ్లీషులో పెట్టేసరికి జడ్జీగారు ముందుకి వంగారు. రాజమ్మాళ్ పెన్సిల్ ఆగిపోయింది.

"ఎర్రవంతెన తోట తుపాకీ ఇది. నానే తెచ్చినాను. నానే నంబరు అరగదీసినాను, నానే ఈరాస్వామి ఇంట్లో ఎట్టించినాను. బొట్టు కింద కడాపటి అంకెలుండిపోనాయి. దాని మీద నుంచి ఆకురాయి తోలనేకపోనాను."

ఇది అప్పడికి కూడా తెలియదు. అంటే నారాయణసామి తుడిచి ఉన్నా అంకెలు బయటపడేవే. పందెంలో ఓటమే లేదు, కాసినవాడికి తెలియదంతే. అప్పడి వీపు మీద చెమట అప్పుడు చల్లబడింది.

జడ్జీగారు బొట్టు తీయమన్నారు. నారాయణసామి తీయలేదు. కానిస్టేబుల్ వంక చూస్తే అతనూ అమ్మోరిని కొలిచే తమిళుడే, రెండడుగులు వెనక్కి వేశాడు. చివరికి బోనులోంచి వీరాస్వామి, ఆ వారాలన్నిటిలో మొదటిసారి, తనంతట తాను మాట్లాడాడు.

"నాకు ఇయ్యండి దొరా. నా మెడ కోసం కదా. పాపం నాకే వస్తాది."

సంకెళ్ల చేతుల్తోనే తుపాకీ అందుకున్నాడు. "సెమించు తల్లీ" అని, చెట్టు గాటు మీంచి స్క్రాప్ తీసినట్టు, బొటనవేలి గోటితో అంచు లేపి, చిరగకుండా ఊడదీశాడు. కళ్లకద్దుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. కింద ఉక్కు కొత్తగా మెరిసింది. చివరి అంకెలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మేనేజరు దొర లైసెన్సు తెప్పించి చూస్తే అవే అంకెలు. సముద్రంలో మునిగిందని సర్టిఫికెట్ పొందిన తుపాకీ కోర్టు బల్ల మీద పొడిగా కూర్చుని ఉంది.

జడ్జీగారు నల్లగుడ్డని మళ్లీ మడత పెట్టారు.

వెనక వరసలో క్రోల్ సీటు ఖాళీ. అప్పడు వరండాలోకి పరుగెత్తాడు. రాజమ్మాళ్ అతని కన్నా ముందే అక్కడుంది.

"రేవులో ఆకుపచ్చ పొగగొట్టం ఉన్న ఓడ" అంది వగరుస్తూ. "తుపాకుల్ని రబ్బరు షీట్ల బేళ్ల మధ్యలో పెట్టి కుట్టేశారు. ఇవాళే పోతుంది. త్వరగా వెళ్లు. నేను మీ వైపే."

"ఎప్పటి నుంచి?"

"ఇవాళ నుంచి. నిన్న కూడా అనుకో. మొన్న సంగతి అడక్కు."

"మొన్న మా వేలాయుధం చచ్చిపోయాడు" అన్నాడు అప్పడు. ఆమె గాజుల పక్కన సంకెళ్లు బిగించాడు.

మెక్లీన్ దొర మనుషులు రేవుకి చేరేసరికి ఓడ తాళ్లు విప్పుతున్నారు. అప్పడు గీత కత్తితో మొదటి బేలు చీల్చాడు. షీట్ల మడతల్లో నూనె రాసిన తుపాకులు పడుకుని ఉన్నాయి. క్రోల్ ఏ పాస్‌పోర్టు చూపించాలో తేల్చుకునేలోపు పట్టుబడ్డాడు.

అన్నీ బాగున్నాయని చెప్పేసి లేవచ్చు. కానీ ఉరితాడు ఖాళీగా తిరిగిపోలేదర్రా. వీరాస్వామి మెడకి తప్పింది నారాయణసామి మెడకి వచ్చింది. అదే చట్టం, అదే కోర్టు. చివరిసారి అప్పడు జైలుకి వెళ్లి అడిగాడు.

"కింద అంకెలు కనబడతాయని ఆగినావా?"

నారాయణసామి తల అడ్డంగా ఊపాడు. "అంకెలు గురుతే రానేదు బావూ. నా కూతురి మొకం గురుతొచ్చింది. మచ్చల మొకం."

"ఈరాస్వామికీ పెళ్లాముంది. ఆమె మొకం గురుతు రానేదా?"

నారాయణసామి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

మెర్డేకా వచ్చింది. జనం గొంతులు పగిలేలా అరిచారు. అప్పడు ఆ రోజు వేలాయుధం తల్లి దగ్గర కూర్చున్నాడు. ఆవిడ కొడుకు రొయ్యల వ్యాపారి అనే అనుకుంటోంది. బయట బాణసంచా పేలినప్పుడల్లా ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

ఆ ఏడు ఆయుధపూజకి ఎర్రవంతెన తోట మరిడమ్మ ముందు కత్తులు, పాల బకెట్లు, పాపాయి వక్కలు దంచుకునే రోలు, లెచ్చుమనన్ పెన్ను వరసగా పెట్టారు. వీరాస్వామి జేబులో దాచుకున్న పాత బొట్టుని అమ్మవారి పాదాల దగ్గర పెట్టాడు. అందరూ పక్కకి తప్పుకున్నాక, ఎవరో కొత్త బట్టల వ్యాపారి వచ్చి, సైకిలు మూటలోంచి ఒక పిస్టల్ తీసి, పూజారి చెవిలో గుసగుసలాడాడు.

గుర్తు పెట్టుకోండర్రా. మీ పిల్లలకి చెప్పండి. వాళ్లకి మన మాట సగమే అర్థమైనా సరే చెప్పండి. వేలాయుధం పేరు వదలకండి, నారాయణసామి కూతురి మొహం కూడా వదలకండి. ఇక పూజారి చెవిలో అప్పడు ఏమన్నాడో అడుగుతారు కదా, అదీ చెప్పండి:

"బొట్టు కాస్త పలచగా ఎట్టు సామీ. ఇది సర్కారోల్ల తుపాకీ, ఎప్పుడు సముద్రంలో పారేస్తారో తెలీదు."